ఆడమ్ పీటీ మోకాళ్లు

పోటీ ఈతలో నాలుగు రకాలున్నాయి. నాలుగింటిలోనూ నెమ్మదైనది బ్రెస్ట్‌స్ట్రోక్. పురుషుల 100 మీటర్ల ప్రపంచ రికార్డులు పక్కపక్కన పెట్టి చూడండి: ఫ్రీస్టయిల్ 46.40 సెకన్లు, బటర్‌ఫ్లై 49.45, బ్యాక్‌స్ట్రోక్ 51.60, బ్రెస్ట్‌స్ట్రోక్ 56.88. ఫ్రీస్టయిల్ వీరుడు గోడ ముట్టుకునేసరికి, సగటు వేగం లెక్కన, బ్రెస్ట్‌స్ట్రోక్ వీరుడికి ఇంకా 18 మీటర్లు మిగిలే ఉంటాయి. ఇద్దరూ ప్రపంచంలో అందరికన్నా వేగంగా ఈదినవాళ్లే. ఇద్దరి కండల్లోనూ బలానికి లోటు లేదు. తేడా అంతా నీళ్లతోనే వస్తోంది.

ఫ్రీస్టయిల్‌లో చెయ్యి నీళ్లను వెనక్కి నెట్టిన తర్వాత గాలిలోంచి ముందుకు వస్తుంది. బ్యాక్‌స్ట్రోక్‌లోనూ అంతే, బటర్‌ఫ్లైలోనూ అంతే. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మాత్రం చేతులు నీళ్లలోనే వెనక్కి వెళ్లి, చాలామటుకు నీళ్లలోనే ముందుకు రావాలి. మోచేతులు నీటి పైకి లేవకూడదని నియమం. కాళ్లు కూడా నీళ్లలోనే ముడుచుకోవాలి, నీళ్లలోనే తన్నాలి. గాలికంటే నీరు సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అలాంటి నీటిలో ప్రతి తాపుకీ (చేతులు ఒకసారి లాగి, కాళ్లు ఒకసారి తన్నే ఒక్క చుట్టుకీ) రెండు తొడలనీ ప్రవాహానికి అడ్డంగా తెచ్చి పెట్టడమంటే, బండికి బ్రేకు వేసి వెంటనే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కడం లాంటిది. నిమిషం కూడా పట్టని పోటీలో ఈ తంతు పదేపదే జరుగుతుంది.

ఈ నష్టం ఎంతో లెక్క వేయవచ్చు. నీటి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలవుతుంది. ఆ నిరోధాన్ని గెలవడానికి కావలసిన సామర్థ్యం వేగానికి ఘనంగా, అంటే ఎనిమిదింతలు పెరుగుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా ఈతగాడు కామెరాన్ వాన్ డెర్ బర్గ్ 58.46 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఏడేళ్ల తర్వాత ఆ రికార్డు 56.88కి దిగింది. వేగంలో పెరుగుదల మూడు శాతం లోపే. కానీ శరీరం అదే ఆకారంలో, అదే కోణాల్లో నీళ్లను చీల్చుకుంటూ వెళ్లిందనుకుంటే, ఆ మూడు శాతం కోసం సుమారు ఎనిమిదిన్నర శాతం ఎక్కువ సామర్థ్యం కావాలి. ప్రపంచ స్థాయికి చేరిన మనిషి ఒక్క కండబలంతో అంత పెంచుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి నిరోధాన్నే తగ్గించాలి. ఈ అధ్యాయంలో చెప్పబోయే ఆటగాడి జీవితమంతా ఆ ప్రయత్నమే.

ఆయన పేరు ఆడమ్ పీటీ. 1994 డిసెంబర్ 28న ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో, యుటాక్సిటర్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. నలుగురు పిల్లల్లో చివరివాడు. నీళ్లు పోయే రంధ్రంలోంచి షార్క్‌లు వస్తాయని అన్నలు బెదిరించడంతో, చిన్నప్పుడు తొట్టిస్నానమంటేనే హడలిపోయేవాడు. ఆ భయం వదిలాక స్థానిక క్లబ్బులో ఈత మొదలుపెట్టాడు. పద్నాలుగో ఏట డెర్బీ నగరంలోని క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ కోచ్ మెలనీ మార్షల్ కళ్లలో పడ్డాడు. ఆమె 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఈదిన స్విమ్మర్. కుర్రవాడి ఫ్రీస్టయిల్ ఆమెకు ఏమీ ఆనలేదు. బ్రెస్ట్‌స్ట్రోక్ చూశాక అభిప్రాయం మారిపోయింది.

ఆమె ఏం చూసిందో అర్థం కావాలంటే ఒక్క తాపును దగ్గరగా గమనించాలి.

ఈతగాడు బాణంలా సాగి ఉన్నాడు. చేతులు ముందుకు చాచి, తల వాటి మధ్య ఉంది, మడమలు కలిసి ఉన్నాయి. అరచేతులు బయటికి తిరిగి నీళ్లను పట్టుకుంటాయి. మోచేతులు నీటి ఉపరితలం దగ్గరే నిలిచి ముంజేతులు లోపలికి ఊడ్చుకొస్తాయి. ఆ ఊపుకి ఛాతీ లేస్తుంది, నోరు నీటి పైకి వస్తుంది, ఊపిరి లోపలికి పోతుంది. అదే క్షణంలో మడమలు పిరుదుల వైపు వస్తాయి. ఇక్కడే ప్రమాదం. మోకాళ్లను పొట్ట కిందికి లాక్కుంటే తొడలు గోడలా నిలబడతాయి. సెకనుకు రెండు మీటర్లకు పైగా ఉన్న వేగం రెప్పపాటులో సగంకంటే కిందికి పడిపోతుంది. మంచి ఈతగాడు తుంటిని పైనే ఉంచి, తొడలను కొద్దిగానే ముందుకు వంచి, మడమలను తన వీపు చాటునే ముందుకు తెస్తాడు. తర్వాత పాదాలు బయటికి తిరుగుతాయి. అరికాళ్లు, పిక్కల లోపలి వైపు కలిసి నీళ్లను పట్టుకుంటాయి. కాళ్లు వెనక్కి విసురుతూ ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. ఆ తన్ను పూర్తయ్యేలోపు చేతులు మళ్లీ ముందుకు చాచి, శరీరం మళ్లీ బాణమైపోయి ఉండాలి. తన్ను ముందై చేతులు వెనకబడితే ఆ తాపు దండగ.

ఫ్రీస్టయిల్‌లో ఎక్కువ పని చేతులదే. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాళ్ల వాటా చాలా పెద్దది. పీటీకి పుట్టుకతోనే మోకాళ్లు, చీలమండలు మామూలు మనుషులకంటే ఎక్కువగా వంగుతాయి. మోకాలు నిటారుగా సాగి ఆగిపోకుండా కొంచెం వెనక్కి కూడా పోతుంది. పాదం బయటికి బాగా తిరుగుతుంది. అంటే నీళ్లను పట్టుకునే ఉపరితలం పెద్దది, నెట్టే దూరం ఎక్కువ, అది కూడా తొడలను ఎక్కువగా ముందుకు వంచాల్సిన పని లేకుండా. నిరోధం తక్కువ, తోపు ఎక్కువ. మార్షల్ ఈ వరం మీద ఒక పద్ధతి కట్టింది. పాత పాఠం ప్రకారం ప్రతి తన్ను తర్వాత కాసేపు జారుతూ పోవాలి. జారేటప్పుడు శక్తి ఖర్చుండదు, నిజమే. కానీ వేగం ప్రతి క్షణమూ కరిగిపోతూనే ఉంటుంది. కరిగిన వేగాన్ని మళ్లీ సంపాదించడానికి ఎక్కువ ఖర్చవుతుంది. పీటీ జారడాన్ని బాగా తగ్గించి, తాపుల జోరు పెంచాడు. అంత జోరుగా ఈదితే ఎవరికైనా తాపు పొట్టిదవుతుంది, రూపం చెదిరిపోతుంది. ఆయనకు చెదరలేదు. నా దృష్టిలో ఆయన అసలు ప్రతిభ ఇదే. బలవంతులు ఇంకా ఉన్నారు. అంత తొందరలోనూ రూపం చెడకుండా కాపాడుకోవడమే అరుదు.

ఈ ఈత ఇంత నెమ్మదిగా ఉండటానికి కారణం నియమాలే అని కూడా చెప్పుకోవాలి. 1875 ఆగస్టులో మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ ఛానల్‌ను 21 గంటల 45 నిమిషాల్లో ఈదింది బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే. తల పైకెత్తి, కళ్లు తెరిచి, దిక్కు చూసుకుంటూ పోవడానికి వీలైన ఈత అది. మన ఊళ్లలో బావుల్లో, కాలువల్లో నడుముకు బెండ్లు కట్టుకుని నేర్చుకున్న చాలామందికి కప్ప ఈతగా ఇది తెలిసినదే. పోటీల్లోకి వచ్చాక ఈతగాళ్లు నీళ్లను తప్పించుకునే దారులు వెతికారు. 1930లలో కొందరు చేతులను గాలిలోంచి ముందుకు విసరడం మొదలుపెట్టారు. చివరికి దాన్ని విడదీసి బటర్‌ఫ్లై అని వేరే పోటీ చేశారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన మసరు ఫురుకావా 200 మీటర్లలో చాలా భాగం నీటి అడుగునే ఈది స్వర్ణం గెలిచాడు. భౌతికశాస్త్రం ఆయన పక్షానే ఉంది. ఉపరితలం మీద ఈదేవాడు తన శక్తిలో కొంత అలలు పుట్టించడానికే ధారపోస్తాడు. అడుగున ఆ ఖర్చు ఉండదు. కానీ ఆ తర్వాత ఆ దారి కూడా మూసేశారు. ఇప్పుడు దూకినప్పుడు ఒకసారి, ప్రతి మలుపులో ఒకసారి మాత్రమే చేతులను తొడల దాకా లాగి నీటి అడుగున పోవచ్చు. మిగతా ప్రతి తాపులోనూ తల నీటిని చీల్చుకుని పైకి రావాలి. 2004 ఏథెన్స్‌లో జపాన్ ఛాంపియన్ కొసుకె కితజిమా నీటి అడుగున డాల్ఫిన్ తన్ను వేశాడని గొడవ లేచింది. మరుసటి ఏడాది ఒక్క తన్నుకు అనుమతి వచ్చింది. ఆ గొడవతో నియమం సడలింది అంతమేరకే.

మరి మార్పు ఎక్కడ రాగలదు? శరీరం లోపలే. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్, ఆయన శిష్యుడు చెట్ జాస్ట్రెమ్‌స్కీ కలిసి కాళ్లను వెడల్పుగా చాచి తన్నే పాత పద్ధతిని వదిలేశారు. మోకాళ్లు దగ్గరగా ఉంచి పాదాలను కొరడాలా విసిరే తన్నును తెచ్చారు. ఈనాటి ఈతగాళ్లందరి తన్నూ దాని సంతానమే. దీనికి మూల్యం మోకాలు చెల్లిస్తుంది. మోకాలు ప్రధానంగా ముందుకూ వెనక్కూ వంగే కీలు. పాదాన్ని బయటికి తిప్పి బలంగా తన్నినప్పుడు మోకాలి లోపలి వైపున్న లిగమెంట్ సాగుతుంది. ఒకసారి సాగితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి, రోజుకు వందల సార్లు సాగితే వాస్తుంది, నొస్తుంది. ఈ నొప్పికి వైద్యులు పెట్టుకున్న పేరే బ్రెస్ట్‌స్ట్రోక్ మోకాలు. తుంటిని లోపలికి తిప్పగల ఈతగాడు మెలికలో కొంత భాగం తుంటి మీద వేసుకుంటాడు. తుంటి బిగుసుకున్నవాడికి మెలిక అంతా మోకాలి మీదే పడుతుంది. పిల్లలకు ఈత నేర్పే కోచ్‌లు, తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. బ్రెస్ట్‌స్ట్రోక్ తన్నిన తర్వాత మోకాలి లోపలి వైపు నొస్తోందని పిల్ల చెబితే, అది బద్ధకం కాదు. తన్నులు తగ్గించి, తుంటి కదలిక పెంచే వ్యాయామం చేయించాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

పీటీ కథలోకి మళ్లీ వద్దాం. 2012లో ఆయన వయసు పదిహేడు. తన ఈడువాడే అయిన క్రెయిగ్ బెన్సన్ లండన్ ఒలింపిక్స్‌లో ఈదుతున్నాడని తెలిసినప్పుడు ఆయన స్నేహితులతో షికారు పోతున్నాడు. తనకు బుద్ధి వచ్చింది ఆరోజేనని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. రెండేళ్లు గడిచాయి. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో 58.94 సెకన్లతో వాన్ డెర్ బర్గ్‌నే ఓడించి 100 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అక్కడి నుంచి వేగంగా చెప్పేయవచ్చు. 2015 ఏప్రిల్‌లో లండన్‌లో 57.92. ప్రపంచంలో 58 సెకన్ల లోపు ఈదిన మొదటి మనిషి ఆయనే. 2016 రియో ఒలింపిక్స్‌లో తొలి రౌండులో 57.55, ఫైనల్లో 57.13, రెండూ ప్రపంచ రికార్డులే. రెండో స్థానంలో వచ్చిన వాన్ డెర్ బర్గ్ 58.69. అంత తేడా అంటే సుమారు రెండున్నర మీటర్లు, మంచం పొడవుకంటే ఎక్కువ. 1988లో ఏడ్రియన్ మూర్‌హౌస్ తర్వాత ఒలింపిక్ ఈతలో స్వర్ణం గెలిచిన మొదటి బ్రిటిష్ పురుషుడు పీటీ. 2017లో బుడాపెస్ట్‌లో 50 మీటర్లను 25.95లో ముగించి 26 సెకన్ల గీత కూడా దాటాడు.

రియో తర్వాత ఆయన, మార్షల్ కలిసి ఒక లక్ష్యం రాసుకున్నారు: 56 అంకెతో మొదలయ్యే సమయం. దానికి 'ప్రాజెక్ట్ 56' అని పేరు పెట్టారు. 57.13 నుంచి 56.99 దాకా దిగాలంటే కావలసింది సెకనులో 14 వందోవంతులు. దానికి మూడేళ్లు పట్టింది. మధ్యలో 2018 యూరోపియన్ పోటీల్లో వచ్చింది 57.10. మొదట బోర్డు మీద 57.00 అని పడింది. టైమింగ్ యంత్రంలో లోపం ఉందని తేలి సరిదిద్దారు. 2019 జులైలో దక్షిణ కొరియాలోని గ్వాంగ్జులో, ఫైనల్లో కాదు, సెమీఫైనల్లో 56.88 వచ్చింది. ఇప్పటిదాకా ఇంకెవరూ 57 సెకన్ల లోపు ఈదలేదు.

పైకి చిన్నగా కనిపించే ఈ అంకెల మధ్య ఏం జరుగుతుందో ఆలోచించాలి. 57 సెకన్ల పోటీలో శరీరానికి కావలసిన శక్తిలో దాదాపు సగం ఆక్సిజన్ సాయంతో పుడుతుంది, మిగతా సగం ఆక్సిజన్ లేకుండానే పుడుతుంది. రెండో సగం చవకగా రాదు. కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది, నరాల నుంచి వచ్చే ఆదేశానికి కండరం బలంగా స్పందించదు. అందుకే రెండో 50 మీటర్లలో అందరూ నెమ్మదిస్తారు. పీటీ కూడా నెమ్మదించాడు, కానీ తక్కువ. అలసిన ఈతగాడికి మొదట జారిపోయేది బలం కాదు, రూపం. తుంటి దిగుతుంది, మోకాళ్లు పొట్ట కిందికి వస్తాయి, తొడలు అడ్డం పడతాయి. జిమ్‌లో ఎత్తిన బరువులు, కొలనులో చేసిన వేల మీటర్ల సాధన, తెల్లవారకముందే లేచిన లేవడాలు, ఇవన్నీ చివరి 15 మీటర్లలో తుంటి దిగకుండా నిలపడానికే.

బరువులెత్తడంలో చిక్కు కూడా ఉంది. కండ పెరిగితే తోపు పెరుగుతుంది, కానీ భుజాలు వెడల్పై నీళ్లకు ఎదురయ్యే ముఖం కూడా పెరుగుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో చెప్పే సూత్రం లేదు. కోచ్ కన్ను, గడియారం, ఈతగాడి ఒంటికి తెలిసే నీటి స్పర్శ, ఈ మూడూ కలిసి తేల్చాలి.

కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021 జులైలో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 57.37తో మళ్లీ స్వర్ణం. ఒలింపిక్ టైటిల్‌ను నిలబెట్టుకున్న మొదటి బ్రిటిష్ ఈతగాడు ఆయనే, అంతకుముందు ఎవరికీ సాధ్యం కాలేదు. స్త్రీ పురుషులు కలిసి నాలుగు రకాలూ ఈదే మిశ్రమ మెడ్లే రిలేలోనూ బ్రిటన్ ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఆ జట్టులోనూ ఆయన ఉన్నాడు.

తర్వాతి మూడేళ్లు వేరే కథ. 2022 మేలో శిక్షణలో పాదంలో ఎముక విరిగింది. ప్రపంచ పోటీలకు వెళ్లలేకపోయాడు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల 100 మీటర్ల ఫైనల్లో నాలుగో స్థానంలో వచ్చాడు. ఎనిమిదేళ్లలో ఆ పోటీలో అదే మొదటి ఓటమి. తన్నే పాదమే దెబ్బతింటే ఈ ఈతలో దాచుకోవడానికి చోటుండదు. ఆ రెండు రోజులకే 50 మీటర్ల స్వర్ణం గెలిచాడు కానీ లోపలి గాయం మానలేదు. 2023లో మానసిక ఆరోగ్యం బాగాలేదని బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకున్నాడు. కుంగుబాటు గురించి, తాగుడు గురించి తానే బయటపెట్టాడు. ఏళ్ల తరబడి ఒకే అంకె కోసం బతికిన మనిషికి ఆ అంకె చేతికి వచ్చాక రోజు ఎలా గడవాలో తెలియకపోవడం ఆశ్చర్యం కాదు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. అదే ఏడాది ఫుకుఓకాలో చైనాకు చెందిన చిన్ హైయాంగ్ 50, 100, 200 మూడూ గెలిచి, 200లో 2 నిమిషాల 5.48 సెకన్ల రికార్డు పెట్టాడు. పీటీ లేని కొలను ఖాళీగా ఏమీ లేదు.

2024 జులై 28, పారిస్ ఒలింపిక్స్, 100 మీటర్ల ఫైనల్. ఇటలీకి చెందిన నికోలో మార్టినెంఘి 59.03. పీటీ 59.05. అమెరికాకు చెందిన నిక్ ఫింక్ కూడా 59.05. స్వర్ణానికీ రజతానికీ మధ్య 2 వందోవంతులు, అంటే సుమారు 3 సెంటీమీటర్లు. మరునాడే పీటీకి కోవిడ్ ఉన్నట్టు తేలింది.

పీటీకి, ఫింక్‌కు రజతం ఎందుకు పంచారు, వెయ్యో వంతు చూసి తేల్చకూడదా అని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు అలాగే తేల్చారు. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల మెడ్లేలో స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెకీ ఇద్దరికీ వందోవంతు దాకా ఒకే సమయం వచ్చింది. వెయ్యో వంతులు చూస్తే తేడా 2. స్వర్ణం లార్సన్‌కిచ్చారు. తర్వాత లెక్క చూసుకుంటే అందులో న్యాయం లేదని తేలింది. సెకనులో వెయ్యో వంతులో ఈతగాడు కదిలేది సుమారు రెండు మిల్లీమీటర్లే. కొలను గోడలు, టచ్‌ప్యాడ్‌లు అంత కచ్చితంగా కట్టలేరు. ఒక లేన్ పొడవులో అంతకంటే ఎక్కువ తేడాను నియమాలే ఒప్పుకుంటాయి. కాబట్టి వెయ్యో వంతు చూస్తే కొలిచేది ఈతగాడిని కాదు, తాపీ పనిని. అందుకే ఈతలో వందోవంతు దగ్గరే ఆగుతారు. ఫింక్‌కు, పీటీకి చెరో రజతం రావడం సైన్సు ప్రకారమే సరైనది.

56.88 ఈదిన మనిషి ఐదేళ్ల తర్వాత 59.05 ఈదితే ముసలివాడైపోయాడని అనేయడం తేలిక. కానీ ఆ ఏప్రిల్‌లో లండన్ ట్రయల్స్‌లో ఆయనే 57.94 ఈదాడు. శరీరం పాడైపోలేదు. ఒక్క వారపు జ్వరం, ఒక్క విరిగిన ఎముక, నిద్ర లేని కొన్ని నెలలు, వీటిలో ఏదైనా 2 సెకన్లను మింగేయగలదు. 

మన దేశంలో ఈ రకంలో చెప్పుకోదగ్గ పేరు సందీప్ సెజ్వాల్. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ 50 మీటర్ల దూరానికి ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ చోటు లేదు. 2028 లాస్ ఏంజెలిస్‌లో ఆ పోటీ మొదటిసారి జరగబోతోంది. పీటీ అక్కడ ఈదాలనుకుంటున్నాడు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు నిండుతాయి. మలుపు ఉండదు, జారే తీరిక ఉండదు, ఆయన పద్ధతికి ఇంతకంటే అనువైన దూరం లేదు. ఆ పోటీ టీవీలో చూసేటప్పుడు చేతులను వదిలేసి మోకాళ్లను చూడండి. చివరి 15 మీటర్లలో ఎవరి మోకాళ్లు పొట్ట కిందికి రాకుండా ఉన్నాయో చూస్తే, బోర్డు మీద పేరు పడకముందే గెలిచేది ఎవరో చాలాసార్లు మీకే తెలిసిపోతుంది.